అతిథికి సీమను చూపించడం ఎలా? కర్నూలు నుంచి కడప, అనంతపురం దాకా ఎండను బట్టి సాగే దారి

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు, వాళ్ళ వెంట వచ్చిన స్నేహితులు, ఆఫీసులో పరిచయమైన బెంగుళూరు వాళ్ళు, కృష్ణ దాటి ఇటు ఎప్పుడూ రాని చుట్టాలు. ఎవరొచ్చినా మనం వేసే ప్లాన్ ఒకటే. తొమ్మిదింటికి టిఫిన్ చేసి కారెక్కించడం, పన్నెండు గంటల ఎండలో కోట చూపించడం, మూడింటికి హైవే మీద దొరికింది తినిపించడం, చీకటి పడ్డాక ఒళ్ళు నొప్పులతో ఇల్లు చేర్చడం. మర్నాడు వాళ్ళు మర్యాదకు "బాగుంది" అంటారు. ఇంకోసారి మాత్రం రారు.

రాయలసీమలో చూపించడానికి చాలా ఉంది. చూపించే వేళే సరిగా కుదరడం లేదు. ఇక్కడి ఊళ్ళు ఎండను బట్టి నడుస్తాయి. రైతు తెల్లవారకముందే చేనికి పోతాడు, ఎండ ముదిరితే చెట్టు కిందికి చేరతాడు. మిట్టమధ్యాహ్నం గుడి తలుపులు కూడా మూస్తారు. అతిథిని కూడా అలాగే తిప్పండి: పొద్దున బయట, మధ్యాహ్నం నీడలోనో నేల కిందో, సాయంత్రం మళ్ళీ బయట. ఈ దారి మొత్తం ఆ లెక్క మీదే రాశాను. నాలుగైదు రోజులు చేతిలో ఉంటే హాయిగా సరిపోతుంది.

మొదటి పని: నెల ఎంచుకోండి

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వస్తే అన్నీ కలిసొస్తాయి. పొద్దున చలి ఉంటుంది, మధ్యాహ్నం కూడా నడవగలరు. అక్టోబర్, నవంబర్ నెలల్లో కడప వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి కాబట్టి ఆ రోజుల్లో బయల్దేరే ముందు వాతావరణం చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది. చలిదేశాల నుంచి వచ్చినవాళ్ళని, చిన్నపిల్లల్ని, పెద్దవాళ్ళని ఆ నెలల్లో తిప్పకపోవడమే మంచిది.

ఎండాకాలంలోనే రావాల్సి వస్తే ఒక లాభం ఉంది. బనగానపల్లె మామిడి అప్పుడే దొరుకుతుంది. ప్రపంచమంతా తినే బంగినపల్లి మామిడికి పుట్టిల్లు నంద్యాల జిల్లాలోని ఈ ఊరే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరు రాసి ఉన్న బోర్డు కింద నిలబడి అదే పేరున్న పండు తినే అవకాశం అతిథికి వేరే చోట దొరకదు. కాకపోతే ఆ ప్రయాణంలో పొద్దున పదింటికల్లా గది చేరుకుని, సాయంత్రం ఐదు తరువాతే మళ్ళీ బయటికి రావాలి.

తొలకరి పడ్డాక వచ్చేవాళ్ళకి ఇంకో వింత. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలల్లో, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపున జనం తల వంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు. వాన మట్టిని కడిగేస్తే రాళ్ళు పైకి తేలతాయి. వజ్రకరూరు దగ్గర నేలలో వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ శిలలు ఉన్నాయి కాబట్టి ఇది వట్టి ఆశ కూడా కాదు. పొరుగు జిల్లాల నుంచి చద్దిమూట కట్టుకుని వచ్చేవాళ్ళుంటారు. చూపించండి, మాట్లాడించండి. విత్తనం వేసిన చేలో మాత్రం కాలు పెట్టనివ్వకండి. ఆ గుంపుల కాళ్ళ కింద పైరు పోయే రైతుకు ఇది వినోదం కాదు. దారిలో ఎవరైనా రాయి చూపించి కొనమంటే నవ్వి ముందుకు సాగిపోండి.

రెండో పని: చోట్లు తగ్గించండి, బండి మాట్లాడుకోండి

రోజుకు రెండు చోట్లు. మూడోది దారిలో కలిసొస్తే సరే, లేకపోతే లేదు. అహోబిలం, మహానంది, మంత్రాలయం, శ్రీశైలం అన్నీ ఒకే ప్రయాణంలో కలిపేస్తే మిగిలేవి క్యూలైన్లు, కారు సీటు. వాటికి విడిగా రావచ్చు. అహోబిలం నవ నరసింహ క్షేత్రాలకైతే రెండు రోజులు విడిగా కేటాయించాల్సిందే. నల్లమల కొండల్లో నడక ఉంది, మోకాళ్ళు గట్టిగా ఉండాలి.

హైదరాబాద్ నుంచి, బెంగుళూరు నుంచి వచ్చేవాళ్ళు 44వ నంబర్ జాతీయ రహదారి మీద నేరుగా వచ్చేస్తారు. విమానంలో వచ్చేవాళ్ళకి ఓర్వకల్లు, కడప విమానాశ్రయాలున్నాయి. కానీ సర్వీసులు తక్కువ, టికెట్ తీసుకునే ముందే చూసుకోండి. ఇక్కడి నుంచి స్థానిక డ్రైవరుతో కారు మాట్లాడుకోవడం మేలు. ఆర్టీసీ బస్సుల్లో కూడా తిరగొచ్చు. బనగానపల్లె, తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మధ్య బస్సులున్నాయి. కానీ యాగంటికి, గండికోటకు చివరి కొన్ని కిలోమీటర్లు ఆటోల మీదే ఆధారపడాలి. పొద్దుపోయాక తిరిగొచ్చే ఆటో ఉండదు. వెళ్ళేటప్పుడే ఆటో అన్నతో తిరుగు ప్రయాణం కూడా మాట్లాడుకుని, ఫోన్ నంబర్ తీసుకోండి.

డ్రైవరును ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "అన్నా, దారిలో మంచి ఉగ్గాని యాడ దొరుకుతాది?" ఉగ్గాని అంటే బొరుగులతో (మరమరాలతో) చేసే ఇక్కడి టిఫిన్. చటుక్కున ఊరి పేరు, బండి పేరు చెప్పాడంటే ఆ మనిషిని వదలొద్దు.

మూడో పని: కర్నూలులో తొలి పూట

అతిథిని హోటల్ బఫే దగ్గర కూర్చోబెట్టకండి. ఆరున్నర, ఏడు మధ్య ఉగ్గాని బండి దగ్గరికి తీసుకెళ్ళండి. తినడంతో పాటు చేయడం కూడా చూడనివ్వండి. పెద్ద గిన్నెలో నీళ్ళు, పక్కన బస్తాలో బొరుగులు. ఆ అక్క రెండు చేతులతో బొరుగులు నీళ్ళలో ముంచి, ఒక్క క్షణం ఆగి, పిడికిళ్ళతో గట్టిగా పిండి పళ్ళెంలో వేస్తుంది. ఎక్కువసేపు నానితే ముద్దవుతాయి, తక్కువ నానితే గొంతుకు అడ్డం పడతాయి. బాణలిలో అప్పటికే ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు తాలింపులో మగ్గి ఉంటాయి. పిండిన బొరుగులు అందులో పడగానే పైన పుట్నాల పొడి చల్లి అట్లకాడతో కిందా మీదా వేస్తుంది. ఆ పొడి తడిని పీల్చుకుని ప్రతి బొరుగుకీ అంటుకుంటుంది. నిమ్మకాయ పిండి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తుంది.

"యాడ్నుంచి వచ్చినారు? కారం తింటారా, లేకుంటే తగ్గించేదా?" అని అడుగుతుంది. అతిథి తరఫున మీరే జవాబు చెప్పండి: తగ్గించమనే చెప్పండి. సీమ కారం మొదటి రోజే నోరు కాలిస్తే మిగతా రోజులు వాళ్ళు పెరుగన్నం దాటి పోరు. బజ్జీలో మిరపకాయ తీసేసి పిండి తినడం నేర్పండి. అందులో మొహమాటం ఏమీ లేదు, ఇక్కడి పిల్లలు కూడా అలాగే మొదలుపెడతారు.

టిఫిన్ అయ్యాక కొండారెడ్డి బురుజు. ఊరి నడిబొడ్డున ఉన్న పాత కోట బురుజు ఇది. గంట చాలు. 1953 అక్టోబర్ 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఈ ఊరేనని బురుజు మీద నిలబడి చెబితే అతిథి ఊరిని వేరే కళ్ళతో చూస్తారు. తుంగభద్ర, హంద్రీ కలిసే ఊరు ఇది. నది అవతలి ఒడ్డు తెలంగాణ. ఓపిక ఉన్నవాళ్ళు అటు ఆలంపూర్ వెళ్ళి బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు చూసి రావచ్చు.

మధ్యాహ్నం గదిలో పడుకోనివ్వండి. నాలుగింటికి ఓర్వకల్లు రాక్ గార్డెన్స్‌కు బయల్దేరండి. నంద్యాల రోడ్డులో పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది. రకరకాల ఆకారాల్లో నిలబడిన బండలు, వాటి మధ్య నీటి మడుగులు. పడమటి ఎండ పడినప్పుడు ఆ రాళ్ళ రంగు మారిపోతుంది. మధ్యాహ్నం వెళితే అదే చోటు పొయ్యి మీది పెనం.

నాలుగో పని: పొద్దున యాగంటి, మధ్యాహ్నం నేల కింద

ఈ రోజు వరుస తప్పకూడదు. కర్నూలులో తెల్లవారుజామునే లేచి, ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా యాగంటి చేరండి. ఎర్రమల కొండల ఒడిలో ఉమామహేశ్వరుడి గుడి, కొండలోంచి వచ్చే నీటితో నిండే కోనేరు, పైన గుహల్లో వేంకటేశ్వరుడు, అగస్త్యుడి పేరున్న గుహ. గుహలకు మెట్లెక్కాలి కాబట్టి పొద్దునే ఆ పని ముగించాలి. కోనేటిలో ఈతకు దిగొద్దని, చెప్పులు ఎక్కడ విడవాలో ముందే అతిథికి చెప్పండి.

ఇక్కడి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని మనవాళ్ళ నమ్మకం. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళమని, ఇప్పుడు స్తంభాల మధ్య చోటు చాలడం లేదని పెద్దవాళ్ళు చెబుతారు. కలియుగాంతాన ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారి కాలజ్ఞానం చెబుతుంది. అగస్త్యుడి శాపం వల్ల యాగంటిలో కాకులు ఉండవని ఇంకో కథ. అతిథికి ఇవన్నీ కథలుగానే చెప్పండి, ఋజువులు చూపించే పనిలో పడకండి. కథ విన్నాక వాళ్ళే ఆకాశం వైపు చూసి కాకిని వెతుకుతారు. అది చాలు.

బ్రహ్మంగారు కాలజ్ఞానం రాసిన గుహ ఉందని చెప్పే రవ్వలకొండ బనగానపల్లె దగ్గరే ఉంది. సైన్సు మీద ఇష్టమున్న అతిథి అయితే కారులో ఉండగానే దగ్గర్లోని జ్వాలాపురం అనే పల్లె సంగతి చెప్పండి. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద సముద్రం దాటి వచ్చి ఇక్కడి నేలలో పొరగా మిగిలిపోయింది. ఆ పొరకు పైనా కిందా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంటే అంత పెద్ద పేలుడు తరువాత కూడా ఈ లోయలో మనుషులు బతికారన్నమాట. 2007లో ఆ పరిశోధన వెలువడినప్పటి నుంచి ప్రపంచంలోని పురావస్తు శాస్త్రజ్ఞులకు ఈ పల్లె పేరు తెలుసు. మనకే తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మధ్యాహ్నం భోజనం బనగానపల్లెలోనే తొందరగా ముగించి బెలుం గుహలకు వెళ్ళండి. కొలిమిగుండ్ల మండలంలో, తాడిపత్రి దారిలో ఉంటాయి. పైన చూస్తే చదునైన చేను. ఆ చేను కింద 3,229 మీటర్ల పొడవున గుహలు. అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా సందర్శకుల్ని వెళ్ళనిస్తారు. బావిలాంటి గుంతలోకి మెట్లు దిగితే దారి మొదలవుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. తరువాత దాదాపు వందేళ్ళకు, 1982-83లో, డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. బౌద్ధ, జైన సన్యాసులు ఇక్కడ ఉన్న ఆనవాళ్ళు కూడా దొరికాయి.

లోపలికి వెళ్ళే ముందు అతిథికి చెప్పాల్సిన నిజం ఒకటుంది. గుహ కదా, చల్లగా ఉంటుందనుకుని వస్తారు. చల్లగా ఉండదు, ఉక్కపోస్తుంది. పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. అందుకే పలచని నూలు బట్టలు, జారని బూట్లు, ఒక్కొక్కరికి ఒక నీళ్ళ సీసా. లోపలికి గాలి పంపే ఏర్పాటు ఉంది కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళు, ఇరుకు చోట్లంటే టెన్షన్ పడేవాళ్ళు మొదటి పెద్ద హాలు దాకా చూసి వెనక్కి వచ్చేయడం మంచిది. సాయంత్రం ఐదుకల్లా మూసేస్తారు కాబట్టి రెండింటికల్లా టికెట్ తీసుకోండి.

లోపల తొందరపడొద్దు. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్ళపాటు కరిగిస్తూ తొలిచిన దారులివి. గోడ మీద చెయ్యి పెట్టి చూడమనండి, అలలు అలలుగా నునుపుగా ఉంటుంది. ఆ ఒంపులన్నీ ఒకప్పుడు నీరు పారిన గుర్తులు. పైకప్పు నుంచి దిగిన సున్నం ఊడలతో ఊడలమర్రి, పడగలు విప్పినట్టుండే వేయిపడగలు, లింగాల్లా మొలిచిన కోటిలింగాలు, తడితే తలా ఒక స్వరం పలికే సప్తస్వరాల గుహ. ఊడల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి, చేతి జిడ్డు అంటితే వాటి పెరుగుదల ఆగిపోతుంది. చివర పాతాళగంగ. వంగి, కొన్నిచోట్ల నడుము బాగా వంచి దిగాలి. అక్కడ ఒక సన్నని పాయ పారుతూ వచ్చి రాళ్ళలోకి వెళ్ళి కనిపించకుండా పోతుంది. గైడును తీసుకోండి. గైడు లేకుండా వెళ్ళినవాళ్ళు రాళ్ళు చూసి వస్తారు, ఆకారాల పేర్లు తెలియవు.

బయటికి వచ్చాక సోడా బండి కనిపిస్తే నన్నారి అడగండి. సుగంధి వేరుతో కాచిన షర్బత్, నిమ్మరసం, సోడా. ఉక్కలోంచి బయటపడ్డ మనిషికి అంతకు మించిన మందు లేదు.

ఐదో పని: గండికోటలో ఒక రాత్రి ఉండండి

ఈ మొత్తం ప్రయాణంలో ఒక్క చోటే ఎంచుకోమంటే నేను గండికోటే అంటాను. అదీ రాత్రి బస చేస్తేనే. మధ్యాహ్నం వచ్చి లోయ దగ్గర ఫోటో దిగి వెళ్ళేవాళ్ళు చూసింది గండికోటలో పావు వంతు.

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, టెంట్లు అద్దెకు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. శని, ఆదివారాల్లో, సంక్రాంతి సెలవుల్లో గదులు దొరకవు కాబట్టి ముందే బుక్ చేసుకోండి. వీలైతే మంగళ, బుధవారాల్లో రండి.

బెలుం రోజు రాత్రికి ఇక్కడికి చేరి పడుకోండి. తెల్లవారుజామున ఐదున్నరకు టార్చ్ పట్టుకుని లోయ అంచుకు నడవండి. రంగనాథస్వామి గుడి పక్కగా దారి ఉంటుంది. చివర్లో పెద్ద పెద్ద ఎర్రబండల మీదుగా ఎక్కాలి. మంచు పడ్డ రోజుల్లో, వాన పడ్డాక ఆ బండలు జారతాయి. అంచున కంచె లేదు. పిల్లల చెయ్యి వదలకండి, వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీసుకునేవాళ్ళని గట్టిగానే ఆపండి. ఇందులో మొహమాటం వద్దు.

కూర్చోవడానికి అంచుకు రెండు మూడు గజాల వెనక ఒక బండ చూసుకోండి. మొదట కింద పెన్నా ఒక బూడిదరంగు గీతలా కనిపిస్తుంది. కాసేపటికి ఎదుటి గోడ పైభాగం మాత్రం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగుతూ రాతి పొరల్ని ఒక్కొక్కటిగా చూపిస్తుంది. పలకలు పేర్చినట్టు ఉంటాయి ఆ పొరలు. భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్ అని పేరుపడ్డ శిలలివి, వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే పెన్నా, ఇక్కడ ఎర్రమల కొండల్ని కోసుకుంటూ ఈ గండి చేసింది. కోటకు ఆ పేరు అలాగే వచ్చింది. ఎండ చురుక్కుమనే దాకా, అంటే ఏడున్నర దాకా, అక్కడే ఉండండి.

టిఫిన్ తరువాత కోట లోపల. ఈ కోటను ఏలిన పెమ్మసాని నాయకుల నాటి మాధవరాయ గుడి గోపురం, ఎత్తైన ధాన్యాగారం, దాని పక్కనే జామియా మసీదు. ధాన్యాగారంలోకి అడుగుపెడితే బయటి వేడి అక్కడే ఆగిపోతుంది. గోడల మందం చూపించండి, కరువు సీమలో ధాన్యం దాచుకోవడానికి ఎంత జాగ్రత్తపడ్డారో అర్థమవుతుంది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను గెలుచుకున్నాక, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే అతన్ని ఇక్కడే కలిశాడు. విదేశీ అతిథులకు ఈ సంగతి ఆసక్తిగా ఉంటుంది. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, కాపురాలున్నాయి. ఇళ్ళ ముందు ఫోటోలు తీసేముందు అడగమని చెప్పండి. "అవ్వా, ఒక ఫోటో తీసుకోమా?" అని నేర్పి పంపండి. ఆ ఒక్క మాటతో కూర్చోమని చాప వేసే ఇళ్ళున్నాయి.

మధ్యాహ్నానికి రాగిసంగటి ముందే చెప్పి పెట్టండి. గంట ముందు చెబితే వేడివేడిగా కెలికి ముద్దలు చేసి పెడతారు. మాంసం తినేవాళ్ళకు నాటుకోడి పులుసు, తిననివాళ్ళకు పప్పు, నెయ్యి, శెనక్కాయల ఊరిబిండి (పచ్చడి). తినే పద్ధతి నేర్పాలి. ముద్ద చిన్నగా తుంచి, వేలితో గుంత చేసి, పులుసులో ముంచి నేరుగా మింగాలి. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, "ఇదేంటి, రుచే లేదు" అంటారు. రెండో ముద్దకు పట్టు తెలుస్తుంది. స్పూను మాత్రం ఇవ్వకండి.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. గుళ్ళు, దర్గా, పుస్తకాలు ఇష్టమైతే కడప. చేతిపనులు ఇష్టమైతే అనంతపురం.

ఆరో పని (కడప దారి)

సాయంత్రానికి కడప చేరి పెద్ద దర్గాకు వెళ్ళండి. అమీన్ పీర్ దర్గా అని రాసి ఉంటుంది. అన్ని మతాలవాళ్ళూ వస్తారు. సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ తరచూ వచ్చే చోటు కావడంతో తమిళనాడు నుంచి కూడా జనం వస్తుంటారు. తల మీద రుమాలో కొంగో వేసుకోవాలి. అదే ఊళ్ళో దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరుడి గుడి. ఉగాది రోజున ముస్లింలు బారులు తీరి వచ్చి స్వామికి మొక్కు చెల్లించుకుంటారు. ఆ రోజుల్లో అతిథి ఉంటే పొద్దునే తీసుకెళ్ళండి. కడపను ఇంకెవరూ పరిచయం చేయనక్కర్లేదు.

పొద్దున కారం దోశ. దోశ మీద ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి కాలుస్తారు. తరువాత ఒంటిమిట్ట. కడప నుంచి రాజంపేట దారిలో పాతిక కిలోమీటర్లు. ఒకే శిలలో చెక్కిన సీతారామలక్ష్మణులు, పక్కన హనుమంతుడు లేకపోవడం, విజయనగర శైలి మండపాలు. శిథిలమైన ఈ గుడిని వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి, పోగైన సొమ్ముతో బాగు చేయించారు. ఆ సంగతి చెప్పకుండా ఒంటిమిట్ట చూపించడం నాకు ఇష్టం ఉండదు.

మధ్యాహ్నం ఎండలో బ్రౌన్ గ్రంథాలయం. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకుని, తాళపత్రాలు సేకరించి, 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈ భాషా పరిశోధన కేంద్రం వెలిసింది. తెలుగు రాని మనవళ్ళకు, మనవరాళ్ళకు దీన్ని తప్పకుండా చూపించండి. సముద్రాలు దాటి వచ్చిన మనిషి మన భాష కోసం ఏం చేశాడో అక్కడ కళ్ళారా చూస్తారు.

ఆరో పని (అనంతపురం దారి)

గండికోట నుంచి తాడిపత్రి వైపు తిరగండి. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్ళో చింతల వేంకటరమణుడి గుడి. బుగ్గ రామలింగేశ్వరుడి లింగం దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. గుడికి సాయంత్రం వెళ్ళండి. పక్కనుంచి వెలుతురు పడినప్పుడు గోపురాల మీది చెక్కడం లోతు తెలుస్తుంది. రాత్రి అనంతపురంలో ఉండండి.

మర్నాడు నిమ్మలకుంట. ధర్మవరం దగ్గరి పల్లె, తోలుబొమ్మలు చేసే కుటుంబాల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇక్కడ కనీసం సగం రోజు ఉండండి. ముందుగా ఫోన్ చేసి వెళ్ళడం మర్యాద.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, మేకులతో పలక మీద బిగించి ఎండబెడతారు. ఎండితే వెలుతురు అవతలికి కనిపించేటంత పలచగా అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న ఉలితో రంధ్రాలు పొడుస్తారు. అతిథిని పక్కన నేల మీద కూర్చోమనండి. ఉలి మొన తోలు మీద ఆనుతుంది, సుత్తి ఒక్క దెబ్బ, తోలు తునక ఎగిరి పడుతుంది. ఆంజనేయుడి మెడలో ఒక్క హారానికే అలాంటి దెబ్బలు ఎన్ని వేయాలో చూస్తూ కూర్చుంటే తెలుస్తుంది. రంగులు రెండు వైపులా వేస్తారు. చివరికి ఆ బొమ్మను కిటికీకి అడ్డంగా పట్టుకుంటే అప్పటిదాకా మచ్చల్లా ఉన్న రంధ్రాలన్నీ నగలైపోతాయి. ఆ క్షణం కోసం ఫోన్ పక్కన పెట్టమని చెప్పండి.

నలుగురైదుగురు కలిసి వెళ్ళి ముందే మాట్లాడుకుంటే రాత్రిపూట చిన్న ఆట ఏర్పాటు చేయమని అడగొచ్చు. తెర వెనక దీపం, రామాయణంలో ఒక ఘట్టం, మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు అనే హాస్య పాత్రలు వచ్చి చేసే అల్లరి. మాట అర్థం కాని పిల్లలు కూడా పడీపడీ నవ్వుతారు. ఆటకు వాళ్ళు అడిగిన డబ్బు అడిగినట్టు ఇవ్వండి.

తరువాత రోజు పొద్దున లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రుడి గుడి. 27 అడుగుల పొడవున్న ఏకశిల బసవన్న దగ్గర మొదలుపెట్టండి. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగడానికి అందరూ ఎగబడతారు, ఒకసారి లాగి ముందుకు పదండి. పైకప్పు మీది రంగుల బొమ్మలకు ఎక్కువ సమయం ఇవ్వండి, మెడ నొప్పి పుడితే నేల మీద కాసేపు కూర్చుని చూడొచ్చు. చివర లతా మండపం స్తంభాల మీది తీగలు, పువ్వుల డిజైన్లను ఫోటో తీసుకోమనండి. మధ్యాహ్నం ధర్మవరం వెళ్ళి మగ్గం దగ్గర కూర్చుంటే అవే తీగలు పట్టు మీద నేస్తూ కనిపించవచ్చు. ఈ రెండూ ఒకే రోజు చూపిస్తే రాతి పని, పట్టు పని ఒకదాన్నొకటి విడమరిచి చెబుతాయి.

ఇంకో రోజు మిగిలితే కదిరి వైపు తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన ఈ మర్రి అయిదెకరాల దాకా పరుచుకుని ఉంది, మధ్యాహ్నం గడపడానికి ఇంతకన్నా మంచి నీడ లేదు. అక్కడికి పోతూ కటారుపల్లెలో వేమన సమాధి చూసుకోవచ్చు.

పండుగలకు వచ్చేవాళ్ళకు

సంక్రాంతి అయ్యాక వస్తే అహోబిలం పారువేట. తన పెళ్ళికి రమ్మని పిలవడానికి నరసింహస్వామి పల్లకీలో చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాడు, నలభై రోజుల పైనే. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటాడో కనుక్కుని, చిన్న పల్లెలో పట్టుకోండి. చైత్ర పౌర్ణమి వేళకు ఒంటిమిట్టలో వెన్నెల్లో సీతారాముల కళ్యాణం. మొహర్రానికి నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగ, హిందువులే ఎక్కువగా కనిపిస్తారు. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరానికి మాత్రం అతిథిని తీసుకెళ్ళకండి. ఏటా తలలు పగులుతాయి, ఆ తొక్కిసలాటలో కొత్త మనిషిని కాపాడటం మీ వల్ల కాదు.

చివరి పని: ఊరికి పట్టుకెళ్ళేవి

పాలకోవా కావాలంటే కడప, రాయచోటి మధ్య ఘాట్ దారిలో గువ్వలచెరువు దగ్గర ఆగండి. తిరుగు ప్రయాణం రోజే కొనండి, ఎండలో కారు డిక్కీలో పెట్టకండి. పట్టుచీర ధర్మవరంలో నేసినవాళ్ళ దగ్గరే కొంటే బిల్లు అడగండి, పట్టు ఎంత, జరీ ఏ రకం అన్నది రాయించుకోండి. తోలుబొమ్మను మడతపెట్టొద్దు. నూలుగుడ్డ పరిచి, బొమ్మను వదులుగా చుట్టి, అట్టగొట్టంలో పెట్టించండి. ఇంటికి వెళ్ళాక తడి గోడకు తగిలించకూడదని, వెనక చిన్న దీపం పెట్టుకునే చోట తగిలించమని అతిథికి చెప్పి పంపండి.